పాత ఫోటోలు – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గోదావరి పాయల మధ్య ఊళ్ల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాత ఫోటోల గురించే ఉన్నాయి. ఫోటో ముందు వైపుతో పాటు వెనుక వైపు కూడా నకలు తీసి పంపినవారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఫోటో తీసిన నాటి నిజం చాలాసార్లు అట్ట వెనుకనో, చిత్రం అంచులోనో మిగిలి ఉంటుంది. కింద రాసిన వ్యాఖ్య మాత్రం ఎక్కువగా తరువాతి తరాల వారు చేర్చినదై ఉంటుంది. ఈ సంచికలో ఏడు ప్రశ్నలకు సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: నది మధ్యలో రాతి స్తంభాల మీదికి పొడవైన ఇనుప గర్డరును ఎక్కిస్తున్న పాత ఫోటో ఒకటి సెల్‌ఫోన్లలో తిరుగుతోంది. తలపాగాలు చుట్టుకున్న కూలీలు, టోపీలు పెట్టుకున్న ఇద్దరు దొరలు, తట్ట ఎత్తుకుని నడుస్తున్న ఒక స్త్రీ అందులో స్పష్టంగా కనిపిస్తున్నారు. కింద "1847: ధవళేశ్వరం ఆనకట్ట కట్టిస్తున్న కాటన్ దొర" అని ఉంది. వెనుక రైలు పట్టాలు కూడా ఉన్నాయి కాబట్టి ఇది అంత పాతది కాదని మా బావగారు వాదిస్తున్నారు. మా అబ్బాయి దీన్ని ఒక ప్రదర్శనలో పెట్టాలనుకుంటున్నాడు. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకుడు, రావులపాలెం

సమాధానం: ఇది అంత పాతది కాదన్న మీ బావగారి తీర్పు సరైనదే కానీ, అందుకు ఆయన చూపిన కారణం సరైనది కాదు. మన దేశంలో తొలి ప్రయాణికుల రైలు 1853లో బొంబాయి, ఠాణాల మధ్య నడిచిన మాట నిజమే అయినా, అంతకు కొన్నేళ్ల ముందే ధవళేశ్వరం కొండ నుంచి ఆనకట్టకు రాయి మోయడానికి పట్టాలు వేసి వాటి మీద బండ్లు నడిపారు. కాబట్టి పట్టాలు కనిపించినంత మాత్రాన ఆ ఫోటోను తోసిపుచ్చలేము.

తోసిపుచ్చవలసింది గర్డరును చూసి. 1847లో మొదలై 1852లో పూర్తయిన పాత ఆనకట్ట నదికి అడ్డంగా, ఎత్తు తక్కువగా కట్టిన రాతి గోడ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మధ్యలో లంకలను ఆనుకుని, అన్నీ కలిపి సుమారు మూడున్నర కిలోమీటర్ల పొడవున అది ఉండేది. వరద దాని నెత్తి మీదుగా పొర్లి పోయేది. స్తంభాల మీద ఇనుప గర్డర్లు ఎక్కించవలసిన అవసరం ఆ కట్టడంలో లేదు. నది మధ్యలో అటువంటి పని జరిగింది రాజమండ్రి దగ్గర, 1897 నవంబరులో మొదలుపెట్టి 1900 ఆగస్టులో రైళ్లకు తెరిచిన హేవలాక్ వంతెన కట్టేటప్పుడు. మీరు పంపిన చిత్రం ఆ మూడేళ్లలో తీసినది అయి ఉండవచ్చని నా అంచనా.

రెండవ ఆధారం ఆ తట్ట ఎత్తుకున్న స్త్రీ. ఫోటో తీసే విద్యను పారిస్‌లో లోకానికి ప్రకటించినది 1839లో. ఆనకట్ట పని మొదలైన నాటికి ఆ విద్యకు ఎనిమిదేళ్ల వయసు. అప్పటి పద్ధతుల్లో వెండిపూత వేసిన రాగి రేకు మీదనో, మందు పూసిన కాగితం మీదనో బొమ్మ పడేది. అది పడేదాకా ఎదుటివారు కదలకుండా ఉండవలసి వచ్చేది. 1851లో వచ్చిన తడి పలక పద్ధతి వేగాన్ని పెంచింది కానీ, గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు మందు పూసి, అది ఆరేలోగా ఫోటో తీసి, అక్కడికక్కడే గుడారంలో కడగవలసిన తిప్పలు తెచ్చిపెట్టింది. మన ఎండలకు ఆ పూత ఎంత త్వరగా ఆరిపోయి ఉంటుందో మీరే ఊహించుకోండి. నడుస్తున్న మనిషిని చెదరకుండా పట్టగలిగిన పొడి పలకలు బజారులో దొరకడం 1880 ప్రాంతాల మాట. అంతకు ముందైతే ఆ తట్ట ఎత్తుకున్న ఆమె పొగమంచులా చెదిరిపోయేది, లేదా అసలు కనిపించేదే కాదు.

మూడవ సంగతి. మద్రాసులో ఫోటోగ్రాఫర్ల సంఘం ఏర్పడినది, మద్రాసు ప్రభుత్వం లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారిని తన ఫోటోగ్రాఫరుగా నియమించుకున్నది 1856లో, అంటే ఆనకట్ట పూర్తయిన నాలుగేళ్లకు. ఆయన కెమెరా కూడా ఎక్కువగా మదురై, తంజావూరు వైపే తిరిగింది. తెల్లగడ్డంతో మనం గోడలకు కట్టుకునే కాటన్ దొర చిత్రంలో ఉన్నది పని విరమించిన తరువాతి ముసలితనపు రూపం. ఆయన 1899లో ఇంగ్లండులోని డార్కింగ్‌లో చనిపోయారు. ఆనకట్ట మొదలైన నాటికి ఆయనకు నలభై నాలుగేళ్లు. మీ చిత్రంలోని ఇద్దరు దొరలు ఎవరైనా కావచ్చును. టోపీ పెట్టిన ప్రతి తెల్లవాడినీ కాటన్ చేయడం మన డెల్టా రైతు కృతజ్ఞతకు గుర్తే కానీ, చరిత్రకు గుర్తు కాదు. పైగా ఆయన కింద పనిని నడిపించిన వీణెం వీరన్న వంటివారు ఆ తొందరలో మరుగున పడిపోతున్నారు.

మీ అబ్బాయి ఫోటోను ప్రదర్శనలో నిరభ్యంతరంగా పెట్టవచ్చు. కింద రాసిన వ్యాఖ్యను మాత్రం మార్చండి.

ప్రశ్న: మా తాతమ్మ, అంటే మా అమ్మమ్మ తల్లి, ఫోటో నకలు పంపుతున్నాను. 1930 ప్రాంతంలో కాకినాడలో ఒక స్టూడియోలో తీయించారని అంటారు. ఆమె తెల్లచీర కట్టుకుని ఉన్నారు కానీ నుదుట పెద్ద నల్లబొట్టు ఉంది. భర్త పోయిన తరువాత తీసినదైతే బొట్టు ఎందుకుంది, ఉన్నప్పుడే తీసినదైతే తెల్లచీర ఎందుకు కట్టారు, నల్లబొట్టు ఎందుకు పెట్టుకున్నారు అని ఇంట్లో ప్రతి పండగకూ వాదన జరుగుతోంది. పచ్చని ఛాయ అని పెద్దలు చెప్పే మనిషి ఇందులో చామనఛాయలో ఉన్నారు. పైట కూడా కుడి భుజం మీద ఉంది. పక్కన నిలబడ్డ పిల్లవాడు మా అమ్మమ్మ అన్నగారు. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.
– ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: మీ ఇంటి వాదనను ఈ పండగకు ముగించవచ్చును. మీ తాతమ్మగారు ఆ రోజు ఎర్రని కుంకుమ పెట్టుకుని, బహుశా లేత నీలం చీర కట్టుకుని స్టూడియోకు వెళ్లారు. తప్పు కెమెరాలోని పలకది.

తొలినాటి ఫోటో పలకలకు నీలం, ఊదా వెలుగులు మాత్రమే బాగా కనిపించేవి. 1873లో జర్మనీలో ఫోగెల్ అనే శాస్త్రవేత్త పలకకు కొన్ని రంగుమందులు కలిపి ఆకుపచ్చను కూడా పట్టేట్టు చేశాడు. ఎరుపు వెలుగు మాత్రం ఆ పలకల మీద ఏ ముద్రా వేయదు. అన్ని రంగులనూ పట్టే పలకలు 1906 నాటికే అమ్మకానికి వచ్చినా, మామూలు స్టూడియోలు చాలాకాలం పాత రకాన్నే వాడాయి. అందుకు కారణం చాలా సులువైనది. ఎరుపును గుర్తించని పలకను చీకటి గదిలో ఎర్రదీపం పెట్టుకుని, కళ్లారా చూసుకుంటూ కడగవచ్చు; అన్ని రంగులనూ గుర్తించే పలకను కటిక చీకట్లో తడుముకుంటూ కడగాలి. కరెంటు కూడా సరిగా లేని ఊళ్లలో స్టూడియో నడిపే మనిషి దేనిని ఎంచుకుంటాడో వేరే చెప్పనక్కరలేదు.

పలకకు కనిపించని రంగు కాగితం మీద నల్లగా అచ్చవుతుంది, మరీ బాగా కనిపించే రంగు తెల్లగా అచ్చవుతుంది. కుంకుమ నల్లబడింది. లేత నీలమో, లేత ఊదానో అయిన చీర పాలిపోయి తెల్లచీర అయింది. ముఖానికి పసుపు రాసుకునే అలవాటు ఉన్నందువల్ల ఆ పసుపుదనం కొంత ముదురుగా పడి, పచ్చని మనిషి చామనఛాయగా మారారు. మీరు పంపిన నకలులో చీర అంచు ముదురుగా, మధ్యలో సన్నని గీతతో కనిపిస్తోంది. అది ఎర్రంచు అయి ఉండటానికే అవకాశం ఎక్కువ. ఆ రోజుల ఫోటోలలో నల్లబొట్టును చూసి తిథులూ, తద్దినాలూ లెక్కలు కట్టినవారిని నేను ఇంతకు ముందు కూడా చూశాను.

ఇక పైట. మన వైపు పైట ఎడమ భుజం మీద వేయడమే ఎక్కువ అయినా, కుడి భుజం మీద వేసే కుటుంబాలు కూడా ఉన్నాయి కాబట్టి పైట ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు. అందుకే పిల్లవాడి వైపు చూడండి. చొక్కా జేబు కుడి రొమ్ము మీద ఉంది! చొక్కాకు ఒక్క జేబే ఉంటే దాన్ని దర్జీలు ఎడమ వైపే కుడతారు. అంటే నెగెటివ్‌ను తిరగేసి అచ్చు తీశారన్నమాట. అసలు ఫోటో పాడైతే దాన్ని మళ్లీ ఫోటో తీసి పెద్దది చేయించే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఆ పనిలో పలక ఏ వైపు పైకి ఉన్నదీ చూసుకోకపోతే ఎడమ కుడి అవుతుంది. మీ దగ్గరున్నది అసలు ప్రతి కాదని, నకలుకు నకలని దీనివల్ల తెలుస్తోంది. అసలు ప్రతి మీ చుట్టాల ఇళ్లలో ఎక్కడైనా ఉండవచ్చు. తాతమ్మగారి ముక్కుపుడక ఏ వైపు ఉండేదో గుర్తున్నవారు ఉంటే అడగండి, అది కూడా సాక్ష్యమే.

నవ్వు లేకపోవడానికి దుఃఖం కారణం కాదు. అంతకు ముందు తరంలో కొన్ని క్షణాల పాటు కదలకుండా ఉండవలసి వచ్చేది, మెడ వెనుక ఇనుప ఊత కూడా పెట్టేవారు. 1930 నాటికి ఆ అవసరం తీరిపోయినా మర్యాద మిగిలింది. ఫోటో అంటే జన్మకు ఒకటో రెండో సార్లు తీయించుకునేది. దానిలో పళ్లు కనిపించేట్టు నవ్వడం మన పెద్దలకు ఎబ్బెట్టుగా తోచేది. పాలరాతి మెట్లు, స్తంభాలు, దూరాన కొండ ఉన్న ఆ వెనుక తెర గుడ్డ మీద వేసిన బొమ్మ. పక్కనున్న టీపాయి, దాని మీది పూలకుండీ కూడా స్టూడియో సొత్తే. అదే కుండీ మరో ఇంటి ఫోటోలో కనిపిస్తే, రెండు కుటుంబాలూ ఒకే స్టూడియోకు వెళ్లాయని పోల్చుకోవచ్చు. మీ తాతమ్మగారి చేతిలోని పుస్తకం మాత్రం స్టూడియోది కాకపోవచ్చునని నాకు అనిపిస్తోంది. అట్ట నలిగి ఉంది, మధ్యలో వేలు పెట్టి పట్టుకున్నారు. చదువుతున్న పుస్తకాన్ని పట్టుకునే తీరు అది.

ప్రశ్న: యానాంలో మా పెదనాన్నగారు ఒక భవనం ముందు నిలబడిన ఫోటో ఉంది. పైన జెండాకు మూడు నిలువు పట్టీలు ఉన్నాయి, కానీ రెండు తెల్లగా, ఒకటి నల్లగా ఉన్నాయి. ఇది ఏ దేశపు జెండా? ఏ కాలం?
– ఒక పాఠకుడు, తాళ్లరేవు

సమాధానం: పై సమాధానం చదివితే మీకు సగం జవాబు దొరికినట్టే. ఫ్రెంచి జెండాలోని నీలం, తెలుపు రెండూ పాత పలక మీద తెల్లగానే పడతాయి, ఎరుపు నల్లబడుతుంది. మన మూడు రంగుల జెండా పట్టీలు అడ్డంగా ఉంటాయి కాబట్టి పొరపాటుకు తావు లేదు. ఫ్రెంచివారి పాలనలో ఉన్న యానాంను మన దేశంలో విలీనం కోరినవారు 1954 జూన్ 13న స్వాధీనం చేసుకున్నారు. ఆ ఏడాది నవంబరు 1న అక్కడి పాలన మన దేశానికి వచ్చింది. చట్టప్రకారం బదిలీ 1962 ఆగస్టులో పూర్తయింది. మీ ఫోటో 1954 జూన్‌కు ముందుది. ఎంత ముందుదన్నది మీ పెదనాన్నగారి వయసును బట్టి మీరే చెప్పాలి.

ప్రశ్న: కాకినాడ కాంగ్రెసు మహాసభలో బాలికగా ఉన్న దుర్గాబాయి టిక్కెట్టు లేదని నెహ్రూగారిని ఆపిన సంఘటన ఫోటో అంటూ ఒకటి పంచుకుంటున్నారు. నకలు పంపుతున్నాను. నిజమేనా?
– ఒక పాఠకుడు, కాకినాడ

సమాధానం: సంఘటన నిజం, ఫోటో దానిది కాదు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కాగలవని చెప్పడమే ఈ శీర్షికలో నాకు అన్నిటికంటే కష్టమైన పని. ఫోటో దానిది కాదనగానే, కథ కూడా కల్పనేనని కొందరు అనుకుంటారు.

1923 డిసెంబరు చివర కాకినాడలో మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగింది. అక్కడి ఖద్దరు ప్రదర్శనకు కాపలా ఉన్న స్వచ్ఛంద సేవికల్లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఒకరు. టిక్కెట్టు లేనిదే ఎవరినీ లోపలికి పంపవద్దన్న ఆజ్ఞను ఆమె జవహర్‌లాల్ నెహ్రూ విషయంలో కూడా పాటించారు. నిర్వాహకులు టిక్కెట్టు కొని ఇచ్చిన తరువాతనే ఆయనను వెళ్లనిచ్చారు.

ఇప్పుడు మీరు పంపిన చిత్రంలోని వయసులు చూడండి. 1909లో పుట్టిన దుర్గాబాయికి అప్పుడు పద్నాలుగేళ్లు, 1889లో పుట్టిన నెహ్రూకు ముప్పై నాలుగు. చిత్రంలోని స్త్రీ నడివయసులో, కళ్లజోడు పెట్టుకుని ఉన్నారు. నెహ్రూ ముఖంలో ముడతలు, కోటుకు గులాబీ ఉన్నాయి. ముందు బల్ల మీద మైకు ఉంది. ఆమె రాజ్యాంగ సభలోనూ, తరువాత ప్రణాళికా సంఘంలోనూ పనిచేసిన రోజుల్లో ఇద్దరూ ఎన్నోసార్లు ఒకే వేదిక మీద ఉన్నారు. ఇది అటువంటి సందర్భంలో తీసినది. ఎవరో ఒక మంచి కథకు తగిన బొమ్మ లేదని బాధపడి, చేతికందిన బొమ్మను అతికించారు. కాపలా బాలిక ఎదుట టిక్కెట్టు కోసం ఆగిన నాయకుడిని ఫోటో తీయాలని ఆ క్షణంలో అక్కడ ఎవరికి తోచి ఉంటుంది?

ప్రశ్న: రాజమండ్రి రేవులో పడవ మీద మా నాన్నగారు, బాబాయిలు ఉన్న ఫోటోలో వెనుక రైలు వంతెన, దానికి కొంత ఎడంగా నీళ్లలో పైన ఏమీ లేని స్తంభాలు కనిపిస్తున్నాయి. ఆ స్తంభాలు కూలిపోయిన పాత వంతెనవని మా మేనత్త అంటున్నారు.
– ఒక పాఠకుడు, నిడదవోలు

సమాధానం: అవి కూలిన వంతెనవి కావు, అప్పటికి ఇంకా పూర్తి కాని వంతెనవి. రాజమండ్రి దగ్గర గోదావరి మీది వంతెనలు మన ఫోటోలకు కట్టిన గడియారం వంటివి. 1900కు ముందు రైలు వంతెన లేదు. కొవ్వూరులో దిగి నదిని పడవల మీద దాటి మళ్లీ రైలెక్కేవారు. 1900 నుంచి 56 ఖానాల హేవలాక్ వంతెన ఒక్కటే కనిపిస్తుంది. 1974లో కింద రైలు, పైన రోడ్డు ఉన్న రెండవ వంతెన తెరిచారు. 1997లో విల్లు వంచినట్టున్న కాంక్రీటు ఆర్చీల మూడవ వంతెన వచ్చి, అదే ఏడాది హేవలాక్ వంతెనకు విశ్రాంతి దొరికింది. పాత వంతెన నిండుగా ఉండి పక్కన ఉత్త స్తంభాలు ఉన్నాయంటే, మీ ఫోటో 1974కు ముందు కొద్ది ఏళ్లలో తీసినది. మీ బాబాయిగారి చెవుల మీదికి దిగిన జుట్టు, వెడల్పు కాలర్ కూడా అదే మాట చెబుతున్నాయి.

ప్రశ్న: మాది లంక గ్రామం. మా ఇంట్లో అరచేతిలో సగం ఉండే చిన్న నలుపు తెలుపు ఫోటో ఒకటి ఉంది, దాని అంచులు రంపపు పళ్లలా కత్తిరించి ఉన్నాయి. వీధి అరుగు దాకా నీళ్లు, అరటిబోదెల తెప్ప మీద ముగ్గురు కనిపిస్తున్నారు. వెనుక పెన్సిలుతో "విజయ శ్రావణం, మన వీధి" అని ఉంది. ఇది 1986 వరదల ఫోటో అని అందరూ అంటారు. విజయ ఎవరన్నది మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు.
– ఒక పాఠకురాలు, పి.గన్నవరం మండలం

సమాధానం: విజయ మనిషి పేరు కాదమ్మా, సంవత్సరం పేరు. అరవై తెలుగు సంవత్సరాల వరుసలో విజయ నామ సంవత్సరం 1893, 1953, 2013 ఉగాదులకు వచ్చింది. 1893లో పల్లెటూరి వీధిలో ఇంత చిన్న కెమెరాతో వరద ఫోటో తీసే వీలు లేదు, 2013లో ఈ కాగితం లేదు. మిగిలింది 1953. ఆ ఏడాది శ్రావణమాసం ఆగస్టు రెండవ వారంలో మొదలైంది, గోదావరి డెల్టాను ముంచెత్తిన పెద్ద వరద వచ్చినది కూడా ఆ ఆగస్టులోనే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటానికి అప్పటికి ఇంకా నెలన్నర ఉంది.

మీ వాళ్లు 1986 అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ వరద కూడా శ్రావణంలోనే, ఆగస్టు నడిమిలో వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. కళ్లతో చూసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు కాబట్టి, వరద అనగానే అందరికీ అదే గుర్తుకు వస్తుంది. కానీ 1986 అయితే వెనుక "అక్షయ" అనో, "క్షయ" అనో ఉండేది.

కాగితం కూడా 1953 వైపే మొగ్గుతోంది. రంపపు అంచు కత్తిరింపు 1930ల నుంచి 1960ల దాకా బాగా నడిచిన సొగసు. ఫోటో అంత చిన్నగా ఉండటానికి కారణం, నెగెటివ్‌ను కాగితం మీద ఆనించి ఉన్న కొలతకే అచ్చు తీయడం. పెద్దది చేయిస్తే ఖర్చు. డబ్బా కెమెరాతో ఇంటివారో, చుట్టపు చూపుగా వచ్చినవారో తీసి ఉంటారు. స్టూడియో మనిషి తీసి ఉంటే వెనుక ముద్ర ఉండేది.

అరవై ఏళ్లకొకసారి తిరిగి వచ్చే ఈ పేర్ల వల్ల తికమక ఉన్నా, ఫోటోల విషయంలో అది పెద్ద ఇబ్బంది కాదు. ఒక చుట్టు వెనక్కి వెళితే బట్టలు, కాగితం, కెమెరా అన్నీ మారిపోతాయి కాబట్టి ఏ చుట్టో ఇట్టే తేలుతుంది. అసలు ఇబ్బంది "మన వీధి" అన్న మాటతోనే. మీరు ఆ ఇంట్లోనే ఉంటే సరే. లేకపోతే అరుగుకు ఆనుకుని ఉన్న ఆ రెండు రాతి స్తంభాలను పట్టుకుని, ఊళ్లో పెద్దవారితో ఇప్పుడే పోల్చి చూపించుకోండి. తెప్ప మీది ముగ్గురిలో చిన్నవాడు ఇప్పుడు ఎనభై దాటి ఉంటాడు.

ప్రశ్న: మొన్నటి వరదకు మా రేకు పెట్టెలోకి నీళ్లు వెళ్లి పాత ఫోటోలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. కొన్ని ఇంకా తడిగానే ఉన్నాయి. ఎండలో పెట్టమని ఒకరు, ఇస్త్రీ చేయమని ఇంకొకరు చెబుతున్నారు. పటం కట్టిన ఒక ఫోటో అద్దానికి అతుక్కుంది. అన్నిటినీ లామినేషన్ చేయిస్తే బతుకుతాయా?
– ఒక పాఠకుడు, ముమ్మిడివరం

సమాధానం: ఎండ వద్దు, ఇస్త్రీ అసలే వద్దు, లామినేషన్ ఎప్పటికీ వద్దు. ఫోటో కాగితం మీద బొమ్మను పట్టి ఉంచేది జెలటిన్ అనే పలచని జిగురు పొర. తడిస్తే అది ఉబ్బి మెత్తబడుతుంది, అలాగే ఆరితే పక్క ఫోటోకు అతికిపోతుంది. వేడి తగిలితే కరిగి, పగిలి, బొమ్మతో సహా లేచిపోతుంది. లామినేషన్ చేయిస్తే లోపలి తేమ బయటికి రాదు, పైన అతికిన ప్లాస్టిక్‌ను మళ్లీ తీయలేము.

మీ ఉత్తరం తేదీని బట్టి చూస్తే తడిగా ఉన్నవాటికి సమయం మించిపోయి ఉండవచ్చు, అయినా రాస్తున్నాను, రాబోయే వరదకైనా ఎవరికో పనికి వస్తుంది. తడిసిన ఫోటోలను ఆరకముందే వెడల్పు పళ్లెంలో శుభ్రమైన చన్నీళ్లు పోసి అందులో వేయాలి. గోళ్లతో లాగకుండా, నీటిలోనే వాటంతట అవి విడిపోయేదాకా ఓపిక పట్టాలి. బొమ్మ వైపు వేలు తగలకుండా అంచులు పట్టుకుని బురద పోయేట్టు జాడించి, నీడలో శుభ్రమైన గుడ్డ మీద బొమ్మ పైకి ఉండేట్టు పరచాలి. ఆరేటప్పుడు చుట్టుకుంటే కంగారు పడవద్దు. పూర్తిగా ఆరిన తరువాత పుస్తకాల బరువు కింద పెడితే సర్దుకుంటాయి. అన్నీ ఒకేరోజు చేయలేకపోతే మిగిలినవాటిని చన్నీళ్లలో ఉంచవచ్చు కానీ, రెండు రోజులు దాటకూడదు. ఇంట్లో ఫ్రీజరు ఉంటే ప్లాస్టిక్ సంచిలో పెట్టి గడ్డకట్టించి, తీరిక దొరికినప్పుడు కొన్ని కొన్నిగా తీసుకోవచ్చు. రంగులు చేత్తో అద్దిన పాత పటాలను, గాజు పలకలను, ఇంట్లో ప్రింటరుతో తీసుకున్న కొత్త ప్రతులను మాత్రం నీళ్లలో వేయవద్దు.

ఇప్పటికే ఆరి అంటుకుపోయినవాటిని కత్తితో విడదీయకండి. అద్దానికి అతుక్కున్న దాన్ని అద్దంతో సహా, వెలుగు పక్క నుంచి పడేట్టు పెట్టి మంచి కెమెరాతో ఫోటో తీయించండి. ఆ నకలు దొరికిన తరువాతనే అసలుతో ప్రయోగాలు. ఇక మీదట పెట్టెను నేల మీద, వానకు నెమ్మెక్కే బయటి గోడకు ఆనించి ఉంచకండి. జిగురు పేజీల ఆల్బములు కొనకండి. పేర్లు రాయాలంటే వెనుక అంచున మెత్తని పెన్సిలుతో రాయండి. బాల్ పెన్ గీత ముందు వైపుకు పొడుచుకొస్తుంది, సిరా ఏళ్ల తరబడి ఊరుతుంది.

తడి పెట్టెలో చేయి పెట్టేటప్పుడు వరుస కూడా ముఖ్యం. పెళ్లి ఆల్బముకు నకళ్లు వియ్యాలవారి ఇంట్లోనైనా ఉంటాయి, దాన్ని చివరికి ఉంచండి. నెగెటివ్ లేనివి, మరే చుట్టం ఇంట్లోనూ రెండో ప్రతి లేనివి ముందు నీళ్ల పళ్లెంలోకి చేర్చండి.